ఎడారి విడిదిలో మన మర్యాద

వివాహములలో భోగముమేళములు పెట్టింపరాదని కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919) పోరాడి యెందరి నిందలనో సహించిరి. ఆ దురాచారము మన పెండ్లిపందిళ్లనుండి తొలగినదని మనము గర్వించుచున్నాము. తొలగినమాట నిజమే. కాని యది నశించినదా, లేక చోటు మార్చుకొన్నదా? గడచిన శీతకాలమున థారు ఎడారిలో నొక రాత్రి గడపినది మొదలు ఈ ప్రశ్న నన్ను విడువకున్నది.

రాజస్థానమున జైసల్మేరునకు పడమర సుమారు 40 కిలోమీటర్ల దూరమున సమ్ అను గ్రామమువద్ద ఇసుకతిన్నెలు కలవు. వాని చెంత యాత్రికులకొఱకు గుడారముల విడుదులు వెలసినవి. సాయంకాలము ఒంటెనెక్కి తిన్నెలపై సూర్యాస్తమయము చూచుట, రాత్రి నెగడుచుట్టు కూర్చుండి పాటలు వినుట, గుడారమున నిదురించుట, ఇదియే యక్కడి కార్యక్రమము. ఇందు తప్పేమియు లేదు. నేను దిగిన విడిదిలో జరిగినది మాత్రము చెప్పెదను.

నెగడుచెంత నొక వృద్ధుడు కమాయిచా యను తంత్రీవాద్యమును ముందుంచుకొని పాట నారంభించెను. రెండు చరణములైనను ముగియకమునుపే "సినిమాపాట! సినిమాపాట!" అని కేకలు లేచినవి. వృద్ధుడు కమాను దించెను. యంత్రములో సినిమాపాట మ్రోగెను. నల్లని పావడ ధరించిన యొక యువతి లేచి యాడసాగెను. నా ప్రక్కనున్నది మన తెలుగు కుటుంబమే, చదువుకొన్నవారు. తండ్రి తన పదియేండ్ల కుమారునిచేతిలో నొక నోటు పెట్టి, "వెళ్లి ఆమెమీద వేసి రారా" అనెను. బాలుడు విసరెను. నోటు ఇసుకలో పడెను. ఆమె యాడుచునే వంగి దాని నేరుకొనెను. అందఱును చప్పట్లు కొట్టిరి. తల్లి ఫొటో తీసికొనెను.

ఆ వృద్ధుడు మాంగణియారు. మాంగణియార్లు ముసల్మానులు, ఐనను తరతరములుగా రాజపుత్ర యజమానుల యిండ్ల పుట్టుకలకును పెండ్లిండ్లకును పాడుచు, ఆ వంశముల చరిత్రను కంఠస్థము చేసికొన్నవారు. కమాయిచా వాదకుడైన సాకర్ ఖాను 2012లో పద్మశ్రీ పొందెను. ఆ యువతి కాల్‌బేలియా. ఆమె పెద్దలు పాములాడించి బ్రదికినవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన ఆ వృత్తికి దారి మూసికొనిపోగా ఆటపాటలే యనేకులకు ఆధారమైనవి. ఆ ఆటపాటలనే 2010లో యునెస్కో మానవజాతి వారసత్వములలో చేర్చెను. లోకము పీటవేసి గౌరవించిన విద్యకు మనము ఇసుకలో నోటు విసరుచున్నాము!

"అది యచ్చటి యాచారమే గదా" అని యొకరు నాతో వాదించిరి. యజమాని తన యింట శుభకార్యమున పాటకుని తలచుట్టు రూకలు త్రిప్పి యిచ్చుట ఆచారమే. ఆ సంబంధమున నెక్కువతక్కువలు లేకపోలేదు; కాని వారు తరములుగా నొకరి నొకరు ఎఱిగినవారు. పేరైన నడుగక ముక్కు మొగ మెఱుగని స్త్రీపై డబ్బు చల్లుట ఏ యాచారము? "అదియే వారి జీవనోపాధి" అని మఱొకరనిరి. సత్యము. అందుచేతనే నేను ఆట మానుమనను, విడుదులు మూయుమనను. నాటి సంస్కరణోద్యమమున నిందలో హెచ్చుపాలు ఆడువారిపై పడినది. వారి కూడు గుడ్డలను గూర్చి యోచించినవారు కొద్దిమందియే. ఆ పొరపాటు మనము మరల చేయరాదు. దోషము ఆడుదానియందు లేదు, చూచువాని చూపునందున్నది.

ఈ చూపు ఒక్క యాటతో నాగదు. సంవత్సరమునకు 200 మిల్లీమీటర్ల వానయైన సరిగా పడని చోట స్నానమునకు నీరు ధారగా రాలేదని తగవులాడిన పెద్దమనుష్యులను చూచితిని. నక్షత్రములు చూడవచ్చినవారే నక్షత్రములను మఱుగుపఱచు దీపములు కావలెననిరి. విస్తళ్లలో విడిచిపెట్టబడిన సాంగరీ కూర ఏమనుకొన్నారు? అది ఖేజ్రీ కాయల కూర. ఖేజ్రీ యనగా దసరానాడు మనము పూజించి, బంగారమని ఆకు పంచుకొను జమ్మియే! డబ్బిచ్చితిమి గనుక సర్వమును మనదేయనుకొనుట అంగడిబుద్ధి. పరుల ఊరికి పోయినవాడు అతిథి. అతిథికిని ధర్మము కలదు.

మన యింట కచేరి జరిగినచో విద్వాంసునకు తాంబూలమునందుంచి రెండుచేతులతో సమర్పింతుము. ఆ మర్యాద ఎడారిలో నేల మఱచిపోవలెను? విడిది కుదుర్చుకొనునపుడే పాడువారికి నిశ్చితమైన వేతనము కలదా యని యడుగుడు. వారి పాట వారిని పాడనిండు. బహుమానమీయదలచినచో పేరడిగి, నమస్కరించి, చేతికిండు.

దీపము లార్పిన పిమ్మట ఆ బాలుడు వంటగుడారము వెనుకకు పోయి వృద్ధునిచెంత కూర్చుండి కమాయిచాను తాకి చూచుచుండెను. వాడు దుష్టుడు కాడు. నోటు విసరుమని నేర్పినది మనము. నమస్కరింపుమని నేర్పవలసినదియు మనమే.