పాడయిందా? పాడుచేశారా?

“వానలకు రోడ్లు పాడయ్యాయి.” యేటా వానకాలంలో అధికారుల ప్రకటనల్లో వినిపించే వాక్యం యిది. వ్యాకరణం చెప్పుకుని బ్రతికేవాణ్ణి గనుక నా చూపు ముందుగా క్రియ మీద పడుతుంది. “పాడయింది” అంటే చాలు, చేసినవాడి ప్రసక్తి అక్కరలేదు. “పాడుచేశారు” అంటే యెవరో చెప్పక తప్పదు. చెప్పడం యిష్టంలేనివారు మొదటి మాటనే పట్టుకుంటారు.

చేసినవాడెవడో యేనాడో తేలింది. 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో లారీలను పనిగట్టుకుని నడిపి, రోడ్లకు తగిలే దెబ్బను కొలిచారు. ఇరుసు మీది బరువు రెట్టింపయితే దెబ్బ సుమారు 16 రెట్లు! వాన నిర్దోషి అనను. కాని లారీ పగలగొట్టిన తారులోకే వాన దిగి గొయ్యి తవ్వుతుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మోయదగిన బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగింది నూటికి 13 పాళ్లు. పై లెక్కన దెబ్బ పెరిగేది నూటికి 60 పాళ్లు. కిరాయిలో మిగిలిన లాభం యెవరిది? పెరిగిన మరమ్మతు యెవరి నెత్తిన?

“వాళ్లూ పన్ను కడుతున్నారు గదా” అంటారు కొందరు మిత్రులు. నిజమే. పన్ను బరువు వెంట నడుస్తుంది; విధ్వంసం బరువును మించి దూకుతుంది. ఆ తేడాను పూడ్చేది ఉప్పూ పప్పూ కొనుక్కునే జనం.

ఇది వట్టి కాగితం లెక్క కాదు. అనంతపురం జిల్లా ఓబుళాపురం పొరుగున వున్న బళ్ళారి గనుల సంగతి చూడండి. అక్కడి ఇనుప ఖనిజం లారీల అధిక లోడు 2011 నాటి కర్ణాటక లోకాయుక్త నివేదికకు యెక్కింది. ఆ యేడే సుప్రీంకోర్టు బళ్ళారి తవ్వకాలను ఆపింది. అప్పటికే ఎంతో ఖనిజం ఓడలెక్కి పోయింది. గోతులు వూళ్లకు మిగిలాయి.

చట్టం లేక కాదు. 2019 సవరణ ప్రకారం అధిక లోడుకు జుల్మానా 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000. నడిపినవాణ్ణే కాదు, నడిపించినవాణ్ణి కూడా శిక్షించమన్నది చట్టం. కాని చెక్‌పోస్టులో చేతికి దొరికేది డ్రైవరే. లోడు యెంతో నిర్ణయించేది అతనా?

కాటా రోడ్డు పక్కన కాదు, గని గుమ్మంలోనే వుండాలి. యెత్తిన బరువు లెక్క వూరందరికీ కనబడాలి. మరమ్మతు బిల్లు సరుకు యజమానికి వెళ్లాలి. ఈ మూడూ జరిగేదాకా, “పాడయింది” అని రాసే ప్రతి కలాన్నీ నిలబెట్టి అడుగుదాం: యెవరు పాడుచేశారు?