ఇల్లు... పోసి చూడు!

‘ఇల్లు కట్టి చూడు’ అన్నారు మన పెద్దలు. కట్టడం ఎందుకు, పోసేస్తే పోలా... అనుకున్నాడు ఒకాయన. ఆయనెవరో కాదు, ఇంటింటికీ విద్యుద్దీపం చేరడానికి కారకుడైన థామస్ ఆల్వా ఎడిసన్!

వినడానికి వింతగా ఉన్నా ఆలోచన కొత్తదేమీ కాదు. ఇటుకను అచ్చులోనే తీస్తారు. రోడ్డు పక్కన బావి వరలు పోసేవాళ్లను చూడండి. ఇనుప అచ్చు బిగించి, కాంక్రీటు నింపి, గట్టిపడ్డాక అచ్చు ఊడదీసి పక్కనే ఇంకో వర మొదలుపెడతారు. ఒక్క అచ్చుతో ఎన్ని వరలైనా వస్తాయి. మరి వరకు ఉన్న అచ్చు ఇంటికెందుకు ఉండకూడదు? గోడలు, గదులు, మెట్లు, పైకప్పు... అన్నీ కలిపి ఒకే అచ్చు. పైనుంచి కాంక్రీటు పోస్తే కింద ఇల్లు తయారు. అచ్చు విప్పి పక్క స్థలంలో బిగిస్తే మరో ఇల్లు. ఎడిసన్ కల అదే.

ఇనుము పోయి... సిమెంటు వచ్చె!

దీపాల మనిషికి సిమెంటుతో పనేమిటి? నష్టం తెచ్చిన చుట్టరికం అది. 1890ల్లో ఎడిసన్ న్యూజెర్సీ కొండల్లో ఇనుప ఖనిజాన్ని పిండి కొట్టే పెద్ద కర్మాగారం పెట్టాడు. నాసిరకం రాయిని పొడిచేసి, అయస్కాంతాలతో ఇనుమును వేరు చెయ్యాలన్నది పథకం. వేరే ప్రాంతంలో మేలైన ఖనిజం చవగ్గా దొరకడంతో ఆ వ్యాపారం మునిగింది. డబ్బంతా పోయింది కానీ కొండరాళ్లను నుగ్గుచేసే భారీ యంత్రాలు మిగిలాయి. రాయిని పిండి చెయ్యడమే కదా సిమెంటు తయారీలో సగం పని! 1899లో ఎడిసన్ పోర్ట్‌లాండ్ సిమెంట్ కంపెనీ పుట్టింది. అందులో సిమెంటు కాల్చే తిరుగుడు కొలిమి పొడవు 150 అడుగులు. ఆ రోజుల్లో వాడే కొలిములకు అది దాదాపు రెట్టింపు. సిమెంటు గుట్టలుగా తయారవుతోంది. దాన్ని వాడుకునే దారి కావాలి.

మరోవైపు అమెరికా నగరాల్లో కార్మిక కుటుంబాలు గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతుకుతున్నాయి. వాళ్లు కొనుక్కోగలిగేంత చవగ్గా ఇల్లు ఇవ్వగలిగితే సిమెంటూ అమ్ముడవుతుంది, పేదవాడికి గూడూ దొరుకుతుంది. ఒక్కో ఇల్లు 1,200 డాలర్లకే ఇవ్వొచ్చని ఎడిసన్ లెక్క. 1908లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఈ ఇళ్ల మీద తనకు లాభం అక్కర్లేదనీ, అర్హత ఉన్న బిల్డర్లకు హక్కులు ఊరికే ఇస్తాననీ ప్రకటించాడు. పేటెంటు చేతికొచ్చేసరికి మాత్రం 1917 అయింది.

అచ్చే అసలు చిక్కు

పైనుంచి పోస్తే చాలు అన్నది చెప్పడానికి తేలికే. నీళ్లలా జారే కాంక్రీటును పోస్తే బరువైన కంకర అడుక్కి చేరి, పైన సిమెంటు రసం మిగులుతుంది. అందుకే కంకరను తేల్చి ఉంచేందుకు మిశ్రమంలో బంకమట్టి లాంటి పదార్థం కలపాలని ఎడిసన్ తన పేటెంటులో రాశాడు.

ఇంకో చిక్కు బరువు. ఘనమీటరు పచ్చి కాంక్రీటు 2.4 టన్నులు తూగుతుంది. అది గట్టిపడేదాకా నీళ్లలాగే అచ్చును పక్కలకు తోస్తుంది. రెండంతస్తుల ఇంటిని, అంటే సుమారు ఏడున్నర మీటర్ల ఎత్తును, ఆపకుండా ఒకేసారి పోస్తే అడుగున ప్రతి చదరపు మీటరు మీదా పడే ఒత్తిడి 18 టన్నులు! అంత తోపును చెక్కలు ఆపలేవు. కాబట్టి పోత ఇనుముతో అచ్చు చెయ్యాల్సి వచ్చింది. ఒక్క ఇంటి అచ్చుకు రెండు వేలకు పైగా ముక్కలు. వాటన్నిటినీ బోల్టులతో బిగించాలి, మళ్లీ విప్పాలి, బండ్ల మీద మోయాలి. ఒక్క ఇల్లు పోయకముందే బిల్డరు అచ్చులకూ యంత్రాలకూ లక్ష డాలర్లకు పైగా పెట్టుబడి పెట్టాలి. 1,200 డాలర్ల ఇంటికి లక్ష డాలర్ల అచ్చు! హక్కులు ఊరికే ఇస్తానన్నా బిల్డర్లు ముందుకు రాలేదంటే ఆశ్చర్యమేముంది?

వచ్చినవాళ్లలో ఒకరు చార్లెస్ ఇంగర్సోల్. అన్నతో కలిసి ఒక్క డాలరుకే జేబుగడియారం అమ్మి అమెరికాలో పేరు తెచ్చుకున్న వ్యాపారి. చవక గడియారం తర్వాత చవక ఇల్లు ఆయనకు నచ్చింది. 1917లో న్యూజెర్సీలోని యూనియన్ పట్టణంలో ఎడిసన్ పద్ధతిలో ఇళ్లు పోయించాడు. 11 ఇళ్లతోనే ఆ పని ఆగిపోయింది. కానీ ఆ వీధి ఇప్పటికీ ఇంగర్సోల్ పేరుతోనే ఉంది, నూరేళ్లు దాటినా అందులో చాలా ఇళ్లు చెక్కుచెదరలేదు. వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ తన సొంతింటి ఆవరణలో 1908లో కట్టించిన కాంక్రీటు గ్యారేజీ కూడా నిలిచే ఉంది. అంటే ఎడిసన్ కాంక్రీటు ఓడలేదు, లెక్క ఓడింది.

అదే లెక్క మరోచోట కుదిరింది. 1916-17లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డొనోరాలో ఒక ఉక్కు కంపెనీ తన ఉద్యోగుల కోసం 80 కాంక్రీటు భవనాలు పోయించింది. వంద కుటుంబాలకు ఇళ్లు. వాడినవి ఎడిసన్ పోత ఇనుప అచ్చులు కావు, వాటికంటే తేలికైన ఉక్కు అచ్చులు. ‘సిమెంట్ సిటీ’గా పేరుపడ్డ ఆ కాలనీ ఇప్పుడు అమెరికా చారిత్రక కట్టడాల జాబితాలో ఉంది. అక్కడ ఎందుకు సాధ్యమైంది? యజమాని ఒక్కరే, స్థలం ఒక్కటే, నమూనాలు కొన్నే, ఇళ్లు మాత్రం చాలా. అచ్చు ఖరీదు అన్ని ఇళ్ల మీదా సర్దుకుంది.

ఇడ్లీ రేకుల లెక్క

ఈ పద్ధతికి ప్రాణమంతా ఆ సర్దుబాటులోనే ఉంది. ఉదాహరణకు అచ్చు ఖరీదు లక్ష రూపాయలనుకుందాం. ఒక్కసారి వాడి పడేస్తే ఆ లక్షా ఒక్క ఇంటి మీదే పడుతుంది. వందసార్లు వాడితే ఇంటికి వెయ్యే. ఇడ్లీ రేకులు కొన్నవాళ్లు ఒక్క వాయితో సరిపెడితే ఆ ఇడ్లీ ఎంత ఖరీదు పడుతుంది? ఇదీ అంతే!

నిజానికి మన ఊళ్లలోనూ సగం ఇల్లు అచ్చులోనే పోస్తున్నాం. పిల్లర్లు, బీములు, స్లాబు... వీటికి కొట్టే సెంట్రింగ్ అచ్చు కాక మరేమిటి? సరుగుడు కర్రలు, ఇనుప రేకులు, జాకీలు అద్దెకు తెచ్చి బిగిస్తారు. స్లాబు గట్టిపడ్డాక విప్పి ఇంకొకరి ఇంటికి తీసుకెళ్తారు. ఒకే రేకు ఎందరి ఇళ్లకో పైకప్పు మోసి ఉంటుంది. అయితే గోడలు మాత్రం ఇటుక మీద ఇటుక పేర్చి కట్టాల్సిందే. ఆ గోడలను కూడా స్లాబుతోపాటే పోసెయ్యడం ఎడిసన్ కలకు ఇప్పటి రూపం.

ఇందుకు దారి చూపింది అల్యూమినియం. ఇనుముతో పోలిస్తే దాని బరువు మూడో వంతే. అల్యూమినియం పలకలను క్రేను అవసరం లేకుండా మనుషులే ఎత్తి పై అంతస్తుకు అందించుకోవచ్చు. రెండంతస్తులు ఒకేసారి పొయ్యాలన్న పట్టుదల కూడా పోయింది. ఒక్కో అంతస్తు చొప్పున పోస్తారు కాబట్టి అచ్చు మీద ఒత్తిడి సగానికి పైగా తగ్గింది. జాగ్రత్తగా వాడితే ఒక సెట్టు వందసార్లకు పైగా పనికొస్తుంది. రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో ‘మివాన్ టెక్నాలజీ’ అని కనిపిస్తుందే, అదిదే! మివాన్ అన్నది ఇలాంటి అచ్చులు తయారుచేసిన ఒక కంపెనీ పేరు. మన దేశంలో ఆ పద్ధతికే పేరైపోయింది.

పని ఇలా సాగుతుంది. ముందు గోడలు రావాల్సినచోట ఇనుప కడ్డీల అల్లిక నిలబెడతారు. కరెంటు పైపులు, స్విచ్ బోర్డుల పెట్టెలు అందులోనే అమరుస్తారు. తలుపులకూ కిటికీలకూ ఖాళీలు వదులుతారు. రెండు వైపులా పలకలు నిలబెట్టి పిన్నులు, చీలలతో బిగిస్తారు. పైన స్లాబు పలకలు పరుస్తారు. ఇక గోడలూ స్లాబూ కలిపి ఒకే విడతలో కాంక్రీటు పోస్తారు. మర్నాటికి గోడల పలకలు విప్పొచ్చు. స్లాబు కింది ఊతాలు మాత్రం మరికొన్నాళ్లు ఉంచాలి. చెయ్యి తిరిగిన బృందమైతే వారం, పదిరోజుల్లో ఒక అంతస్తు లేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో పేరుతో పట్టణ పేదలకు కట్టిన 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు ఈ తరహావే. ఇటుక గోడలు లేని ‘షియర్ వాల్’ భవనాలవి. కేంద్ర ప్రభుత్వం కొత్త పద్ధతులను పరీక్షించడానికి 2021 జనవరిలో ఆరు నగరాల్లో శంకుస్థాపన చేసిన లైట్ హౌస్ ప్రాజెక్టుల్లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌ది కూడా ఇలాంటిదే. అక్కడ సొరంగం ఆకారపు అచ్చులతో పోసిన 1,144 ఇళ్లు 2022 అక్టోబరులో ప్రారంభమయ్యాయి. హైదరాబాద్‌లో ఆకాశాన్నంటే ఖరీదైన అపార్టుమెంట్లలోనూ ఈ అచ్చులే కనిపిస్తాయి. పేదవాడి ఇంటికైనా కోటీశ్వరుడి ఫ్లాటుకైనా సూత్రం ఒక్కటే... ఒకేలాంటివి బోలెడు ఉండాలి. కాబట్టి 150 గజాల్లో ఒక్క ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ అచ్చుతో లాభం లేదు. వాళ్లకు మేస్త్రీ తెచ్చే అద్దె సెంట్రింగే మేలు.

గృహప్రవేశానికి ముందే...

ఇలాంటి ఇంట్లో మేళ్లు చాలానే ఉన్నాయి. గోడ మందం నాలుగు నుంచి ఆరు అంగుళాలే కాబట్టి ఆ మేరకు గదిలో చోటు కలిసొస్తుంది. ఉపరితలం నున్నగా వస్తుంది, మందంగా ప్లాస్టరింగ్ చెయ్యక్కర్లేదు. గోడలూ స్లాబులూ ఒకే ముద్దలా ఉంటాయి కనుక, సరిగ్గా డిజైన్ చేస్తే భూకంపాన్ని బాగా తట్టుకుంటాయి.

తెలుసుకోవాల్సినవీ ఉన్నాయి. స్లాబు మీదైతే మళ్లు కట్టి నీళ్లు నిలబెడతాం. నిలువు గోడ మీద నీళ్లు నిలవవు. తడి గోనెపట్టాలు కప్పో, తేమను పట్టి ఉంచే రసాయనం పూసో కాపాడకపోతే గోడ బీటలిస్తుంది. పలకల్ని బిగించిన చోట గోడలో చిన్న కన్నాలు మిగులుతాయి. వాటిని సరిగా పూడ్చకపోతే వానాకాలంలో అక్కడే చెమ్మ దిగుతుంది. ఎండ సంగతి మరీ ముఖ్యం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ కంటే పలచని కాంక్రీటు గోడ వేడిని త్వరగా లోపలికి పంపుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఈ తేడా తెలిసొస్తుంది. పడమటి గోడకు నీడ, డాబా మీద తెల్లటి పూత, గాలి ఆడే కిటికీలు ఉంటే కొంత ఉపశమనం.

అన్నిటికంటే పెద్ద సంగతి వేరే ఉంది. మామూలు అపార్టుమెంటులో బరువంతా పిల్లర్లు, బీములు మోస్తాయి. మధ్య గోడ అడ్డుతెర లాంటిది. రెండు గదుల్ని కలపాలంటే ఇంజినీరును అడిగి తీసెయ్యొచ్చు. అచ్చులో పోసిన ఇంట్లో పిల్లర్లు విడిగా కనబడవు... ఎందుకంటే గోడలే పిల్లర్లు! పైనున్న అంతస్తుల బరువంతా ఆ నాలుగంగుళాల గోడల మీదుగానే నేలకు దిగుతుంది. పూజగదికి గూడు తొలిచినా, కొత్త తలుపు పెట్టుకున్నా, వంటింటి గోడ పడగొట్టినా నష్టం ఆ ఒక్క ఫ్లాటుకే కాదు, పైనా కిందా ఉన్న కుటుంబాలన్నిటికీ. కొత్త ప్లగ్ పాయింటు కోసం గాడి కొట్టినా లోపలి కడ్డీ తెగొచ్చు. ఏసీ పైపు కన్నం కూడా ఇంజినీరు చూపినచోటే పెట్టించాలి.

కాబట్టి ఇలాంటి ఫ్లాటు కొనేవాళ్లు బిల్డరును అడగాల్సింది రెండు కాగితాలు. బరువు మోసే గోడలు చూపే స్ట్రక్చరల్ డ్రాయింగు ఒకటి, గోడల్లో కరెంటు, నీటి పైపులు ఎటునుంచి పోతున్నాయో చూపే పటం రెండోది. వాటిని ఇంటి దస్తావేజులతోపాటే దాచుకోవాలి. నిర్మాణం ఇంకా మొదలుకాని ఫ్లాటైతే ఇంకా మంచిది. ఫ్రిజ్ ఎక్కడ, ఏసీ ఎక్కడ, స్విచ్చులు ఎక్కడ... ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించి ముందే చెప్పాలి. ఇటుక గోడ ఇంట్లో మార్పులు ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఈ ఇంట్లో అవన్నీ కాంక్రీటు పోయకముందే అయిపోవాలి.