నెత్తురులో లేని భేదము

వార్ధక్యమున మతి తప్పుట (డిమెన్షియా) సర్వజనసామాన్యమనియు, ఆ వ్యాధి తెల్లవారిని నల్లవారిని ఒక్క తీరుననే పట్టుననియు మనము తలపోయుదుము గాని, అమెరికా లెక్కలను చూచినవారికి ఆ తలపు నిలువదు. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అను వైద్యసంస్థ సభ్యులలో 64 ఏండ్లు నిండిన 2,70,000 మందికి పైబడిన వృద్ధులను 2000 మొదలు 2013 వరకు గమనించి, 2016లో ప్రకటించిన పరిశోధనలో, వయోభేదమును సరిచేసి లెక్కింపగా, ఏటికి ప్రతి వేయిమందిలో నల్లజాతివారికి 26.6, శ్వేతజాతివారికి 19.3, ఆసియా సంతతివారికి 15.2 చొప్పున డిమెన్షియా క్రొత్తగా వచ్చినట్లు తేలినది. వీరందరును ఒక్క సంస్థ సభ్యులే గనుక, వైద్యము అందకపోవుటయే కారణమని సరిపెట్టుకొనుటకు వీలు లేదు.

అట్లయిన దోషము నెత్తురులో నున్నదా? డిమెన్షియాలో ఒక రకమగు అల్జైమర్స్‌కు దారి తీయునని పేరుపడిన ఏపీఓఈ-4 జన్యురూపము నల్లజాతివారిలో హెచ్చుగా కనబడుచున్నను, వారియందు దాని ప్రభావము తెల్లవారియందుకన్న తక్కువ. కనుక వెదుకవలసిన చోటు వేరు. నేడు ఎనుబదియైదేండ్ల వయస్సుననున్న మిసిసిపీ నల్లజాతి వృద్ధురాలు, బడులలో వర్ణవివక్ష చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పునాటికే బాల్యము చాలవరకు దాటినది. ఆమె ఎరిగిన బడి, పత్తి ఏరుతరి వచ్చినప్పుడు మూతపడి, పిల్లలను చేలకు పంపిన బడి. డిమెన్షియా కేసులలో దాదాపు 45 శాతమునకు 14 నివారింపదగిన కారణములున్నవని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక కమిషన్ చెప్పినది. వానిలో చిన్ననాటి చదువు లేమి ఒకటి. రక్తపుపోటు, చక్కెరవ్యాధి, చెడ్డ గాలి మరికొన్ని. అవియును పేదవాడల వెంటనే నడచును.

ఇంతకన్న నన్ను కలచినది కొలబద్ద సంగతి. అమెరికా ఫుట్‌బాల్ ఆటలో తలకు దెబ్బలు తిని మతి చెడిన మాజీ ఆటగాళ్ళకు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పరిహారము నిచ్చు ఒప్పందములో, నల్లజాతి ఆటగాని బుద్ధిబలము మొదటనే కొంత తక్కువయని ఎంచి లెక్కకట్టు పద్ధతి ఒకటి చొరబడినది; అందుచే ఏ మార్కులు వచ్చినచో తెల్లవాడు రోగియని పరిహారము పొందునో, అవే మార్కులు వచ్చిన నల్లవానికి మొండిచేయి చూపుటకు వీలుండెను. చదువు లేమిని వ్యాధిగా పొరబడరాదను సదుద్దేశముతోనే పండితులు ఈ సవరణను కల్పించిరనుట నిజమే, కాని చదువును కొలువవలసినచోట చర్మమును కొలుచుట శాస్త్రమెట్లగును? 2020లో ఇద్దరు ఆటగాళ్ళు న్యాయస్థానమునకెక్కిన పిమ్మట, 2021లో లీగ్ దానిని విడుచుటకొప్పుకొన్నది.

ఇది పరాయి దేశపు గొడవయని పత్రిక మడచిపెట్టుటకు లేదు. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో డిమెన్షియా 7.4 శాతమని లాసీ-డాడ్ అను వృద్ధుల సర్వే తేల్చినది. స్త్రీలలోను, పల్లెలలోను, బడి ముఖమెరుగని వారిలోను అది హెచ్చు. ఆడుదాని నెత్తురే వేరని ఎవరైనను అందురా? బడికి పంపనిది మన పెద్దలే గదా!

వందలోనుండి ఏడేడు చొప్పున తీసివేయుచు పొమ్మని, ఒక వాక్యము వ్రాసి చూపుమని అడుగు పరీక్షను అక్షరము రాని అవ్వకు పెట్టి, ఆమెకు మతి లేదనుట అన్యాయము. ఆమె మరపును వయస్సు మీదికి నెట్టి ఇంటికి పంపుటయు అంతే అన్యాయము. హిందీ ప్రాంతపు నిరక్షరాస్యులకై ఇట్టి పరీక్షను మార్చి కూర్చినవారు మూడు దశాబ్దములకు పూర్వమే ఉన్నారు. మన జిల్లా ఆస్పత్రులలోను వైద్యులు రోగి ఎన్ని తరగతులు చదివెనో ముందు అడిగి, దానికి తగిన తెలుగు ప్రశ్నలతోనే పరీక్షింపవలెనని, ఆరోగ్యశాఖ అందుకు ఉత్తరువు లీయవలెనని కోరుచున్నాను.