అడగకుండా ఉండటానికి కట్టే ప్రీమియం

ఇంగ్లండులో ఇల్లు అమ్మాలంటే ముందు టీఏ6 అనే ఫారం నింపాలి. ఇంట్లో ఏమేం మార్పులు చేయించారు, అనుమతులున్నాయా, కిటికీలు ఎప్పుడు మార్చారు, బాయిలర్ ఎప్పుడు పెట్టించారు అని అందులో వరసపెట్టి అడుగుతారు. ఎక్కడో ఒకచోట ఏదో ఒక కాగితం దొరకదు. వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ తీయించినప్పుడు రావలసిన కంప్లీషన్ సర్టిఫికెట్ కావచ్చు, 2002 ఏప్రిల్ తర్వాత మార్చిన కిటికీలకు నిబంధనల ప్రకారమే అమర్చారని చెప్పే ఫెన్సా సర్టిఫికెట్ కావచ్చు. కొనేవారి సొలిసిటర్ ఆ కాగితం ఏదని అడుగుతారు. అమ్మేవారి సొలిసిటర్ తడుముకోకుండా ఇండెమ్నిటీ పాలసీ తీసుకుందాం అంటారు. ఒక్కసారి కడితే చాలు, మామూలు కేసుల్లో పదుల పౌండ్లో, ఒకటి రెండు వందలో. పైన 12 శాతం బీమా పన్ను. ఫైలు కదులుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. లండన్, రీడింగ్, స్లౌ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కుని, పిల్లలు పెరిగాక పెద్ద ఇంటికి మారే తెలుగు కుటుంబాలకూ ఈ మాట ఎదురవుతూనే ఉంటుంది. కేవలం కాగితమే పోయినచోట ఈ పాలసీతో నాకు పేచీ లేదు. పని సరిగా జరిగిందో లేదో ఎవరికీ తెలియనిచోట మాత్రం దీన్ని రక్షణ అనలేం. నిజం తెలుసుకోకుండా ఉండటానికి కడుతున్న రుసుము అది.

గోడ సంగతే తీసుకుందాం. బరువు మోసే గోడను కొట్టేసి, పైఅంతస్తును నిలబెట్టడానికి స్టీలు బీమ్ వేస్తారు. ఆ బీమ్ ఎంత మందం ఉండాలి, రెండు చివర్లా దేనిమీద ఆనుతోంది, అగ్నిప్రమాదం జరిగితే ఎంతసేపు నిలుస్తుంది అన్నవి బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ చూడాల్సిన విషయాలు. చూశారనడానికి రుజువే కంప్లీషన్ సర్టిఫికెట్. అది లేనప్పుడు తీసుకునే పాలసీ ఏం చేస్తుంది? స్థానిక కౌన్సిల్ చర్య తీసుకుంటే అయ్యే ఖర్చునో, దానివల్ల ఇంటి విలువలో పడే కోతనో పాలసీ మొత్తం మేరకు భరిస్తుంది. కౌన్సిల్ జోలికి రాకుండా బీమ్ తనంతట తాను కుంగి, పైగది నేల పగిలితే పైసా రాదు. నాసిరకం పనికి ఈ పాలసీ వర్తించదని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. దానికి తోడు మరో షరతు: ఈ లోపం గురించి కౌన్సిల్‌ను సంప్రదించకూడదు. అమ్మినవారైనా, కొన్నవారైనా ఫోన్ చేసి అడిగారంటే పాలసీ చెల్లకుండా పోవచ్చు. ఆ గోడ గురించి చెప్పగలిగిన ఒకే ఒక్క కార్యాలయం ముందు ఇంటి యజమాని తేలు కుట్టిన దొంగలా ఉండిపోవాలన్నమాట.

ఇంతకీ కౌన్సిల్ వచ్చిపడే అవకాశం ఎంత? ఇంగ్లండులో 1984 నాటి బిల్డింగ్ యాక్ట్ కింద, పని తీసేయమనో సరిచేయమనో నోటీసివ్వడానికి చాలాకాలం పన్నెండు నెలలే గడువు. అది దాటితే మిగిలేది కోర్టుకెళ్లి ఇంజంక్షన్ తెచ్చుకునే అధికారం. దానికి కాలపరిమితి లేదు. 2000లో వచ్చిన కాటింగ్‌హామ్ కేసు తీర్పు ఈ సంగతిని గుర్తుచేశాక, పాత పనుల విషయంలోనూ సొలిసిటర్లకు పాలసీ అలవాటుగా మారింది. ఎప్పుడో 1990లలో తీసేసిన గోడ మీద, అది ప్రమాదకరంగా ఉంటే తప్ప, ఏ కౌన్సిలూ కోర్టు మెట్లెక్కదు. ప్రమాదకరంగా ఉంటే యజమానికి ముందు కావలసింది ఇంజనీరు, ఆ తర్వాతే బీమా. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత తెచ్చిన 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్ వల్ల 2023 అక్టోబరు నుంచి నోటీసు గడువు పదేళ్లయింది. కాబట్టి కొత్త పనులకు పాలసీ అవసరం పెరిగిందని వాదించేవారున్నారు. ప్రమాదం పెరిగిన మాట నిజమే, పాలసీకి విలువా పెరిగింది. కానీ గడువు పెంచడంలో చట్టం ఉద్దేశం లోపాలు బయటపడాలని. అవి బయటపడకుండా చూసుకోమని షరతు పెట్టే పాలసీని అదే చట్టం పేరు చెప్పి అమ్మడం ఏం న్యాయం?

చాలాసార్లు పోయిందనుకున్న కాగితం నిజానికి పోదు. కొనేవారి సొలిసిటర్ కౌన్సిల్ నుంచి తెప్పించే లోకల్ సెర్చ్‌లో కాన్29 అనే ప్రశ్నావళి ఉంటుంది. ఆ ఇంటికి ఏ బిల్డింగ్ అనుమతులు వచ్చాయి, కంప్లీషన్ సర్టిఫికెట్లు ఇచ్చారా, ఫెన్సా లాంటి పథకాల కింద ఏ పనులు నమోదయ్యాయి అన్న వివరాలు అందులోనే అడుగుతారు. కిటికీల నమోదు అక్కడ కనిపిస్తుంటే చేతిలో సర్టిఫికెట్ లేదని పాలసీ కొనడం దండగ. అందులో కనిపించకపోయినా ఫెన్సా నుంచి కొద్దిపాటి రుసుముతో నకలు తెచ్చుకోవచ్చు. అయినా నకలు కోసం ఆగడం కన్నా పాలసీ తీసుకోవడమే సొలిసిటర్ ఆఫీసుకు సులువు. కట్టేది క్లయింటే కదా!

కొనుగోళ్లన్నీ అక్కడ గొలుసుకట్టుగా ఉంటాయి, ఒకరి అమ్మకం ఆగితే ముందువెనకల ఉన్న నాలుగు కుటుంబాల సామాను ఆగిపోతుంది, వంద పౌండ్లతో అది తప్పుతుంటే తప్పేమిటి అంటారు. కిటికీల విషయంలో ఈ వాదన ఒప్పుకోవచ్చు. గోడ విషయంలో ఒప్పుకోలేం. 1985 నవంబరు 11 తర్వాత అనుమతి లేకుండా చేసిన పనికి కౌన్సిల్ నుంచి రెగ్యులరైజేషన్ సర్టిఫికెట్ తీసుకునే దారి ఉంది. ప్లాస్టర్ కొంత ఊడదీసి చూపించమంటారు, వారాలు పడుతుంది, లోపం బయటపడితే బాగుచేయించాలి. అమ్మేవారు వెనకాడేది ఇందుకే. వారి భయం నాకు అర్థమవుతుంది. కానీ లోపం ఉంటే దాని ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందేగా. పాలసీ తీసుకుంటే ఆ ఖర్చు కొన్నవారి నెత్తిన పడుతుంది, వారికి ఆ విషయం తెలియకుండానే. అమ్మకానికి పెట్టకముందే రెగ్యులరైజ్ చేయించుకోవచ్చు. లేదా స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి ఇచ్చిన నివేదిక ప్రకారం ధర తగ్గించుకోవచ్చు. రెండింట్లోనూ ఇద్దరికీ నిజం తెలుస్తుంది. బ్యాంకు పాలసీ అడుగుతోంది కదా అంటారా, బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రతను. ఆ నేల మీద ఉయ్యాల వేసేది బ్యాంకు కాదు.

పాలసీ బాగా పనికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. 1898 నాటి ఒక దస్తావేజులో ఈ స్థలంపై ఆంక్షలున్నాయని ల్యాండ్ రిజిస్ట్రీలో ఉంటుంది, ఆ దస్తావేజు మాత్రం మొదటి రిజిస్ట్రేషన్‌కు సమర్పించలేదని దాని పక్కనే ఉంటుంది. ఏ ఆంక్షలో ఎవరికీ తెలియదు, ఎంత వెతికినా తెలియదు. ఇలాంటి అనిశ్చితిని బీమాకు అప్పగించడమే సబబు. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లోలో ఒక పొలం యజమానులు మధ్యయుగాల నాటి బాధ్యత కింద ఊరి చర్చి మరమ్మతులకు డబ్బు కట్టాల్సిందేనని 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. చివరికి ఆ బిల్లు దాదాపు 1,87,000 పౌండ్లయింది. అలాంటి అరుదైన, మనిషి చేతిలో లేని నష్టానికి చిన్న ప్రీమియం కట్టడం వివేకం. తన ఇంట్లోని బీమ్‌ను ఆ కోవలో చేర్చడమే పొరపాటు.

కాగితం పోయినప్పుడు మన దగ్గర పద్ధతి ఇంగ్లండు పద్ధతికి పూర్తిగా తలకిందులు. ఒరిజినల్ దస్తావేజు పోతే పోలీసులకు ఫిర్యాదు చేస్తారు, పత్రికలో ప్రకటన వేయిస్తారు, అభ్యంతరాలకు గడువిస్తారు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకుంటారు. తిరుగుళ్లు ఎక్కువే, చేతులు తడపాల్సిరావడమూ కొత్త కాదు. కానీ పోయిందన్న సంగతి నలుగురికీ చెప్పడమే అందులో మొదటి మెట్టు. భవిష్యత్తులో తగాదా వస్తే నాదే బాధ్యత అని అమ్మినవాడు సేల్ డీడ్‌లో రాసిచ్చే హామీని కోర్టులో అమలు చేయించుకోవడం కష్టం కాబట్టి, టైటిల్ బీమా కావాలన్న మాట ఇక్కడా వినిపిస్తోంది. 2016 నాటి రెరా చట్టం 16వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన మేరకు, ప్రాజెక్టు స్థలం టైటిల్‌కూ నిర్మాణానికీ ప్రమోటర్ బీమా చేయించాలి. నోటిఫికేషన్ సంగతి వచ్చినప్పుడు ప్రీమియం ఎంత, ఎవరు కడతారు అన్న చర్చే ఎక్కువ నడుస్తుంది. ప్లాన్‌కు మించి వేసిన అంతస్తు గురించి మున్సిపాలిటీలో వాకబు చేస్తే ఫ్లాట్ కొన్నవారి పాలసీ రద్దవుతుందా లేదా అన్నది పాలసీ పత్రంలో మొదటి పేజీలోనే, తెలుగులో రాసి ఉండాలని ఇప్పుడే అడగాలి.