డకోటాను క్రింద నుండి చూసినవారు



పాతకాలపు అమెరికా కార్లు, పంకాల విమానాల మాట ఎత్తగానే మన ఇండ్లలోని పెద్దవారి ముఖాలు వికసిస్తాయి. ఊరిలోనికి పడవంత డాడ్జి కారో, షెవర్లేనో వస్తే పిల్లలందరూ చుట్టూ మూగి, దాని బంపరులో ముఖాలు చూసుకొనేవారని చెబుతుంటారు. డాడ్జి, ప్లిమత్ కార్లను 1947 నుండి బొంబాయిలో ప్రీమియర్ కంపెనీవారు బిగించి అమ్మేవారు.

విమానాల సంగతి మనకు మరింత దగ్గరిది. నిజాం ప్రభుత్వము, టాటావారు కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించారు. బేగంపేట దాని స్థావరం. అమెరికాలో డగ్లస్ కంపెనీ చేసిన డకోటాలు దాని విమానాలు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికులను మోసిన ఈ రకం విమానాలు యుద్ధం ముగియగానే చవకగా దొరికాయి. తోక క్రింద చిన్న చక్రం ఉండుటవలన నేలమీద నిలిచినప్పుడు ముక్కు పైకెత్తి ఉండేది. ప్రయాణికులు గుట్ట ఎక్కినట్టు లోపల నడిచి కుర్చీ చేరుకొనేవారు. పట్టేది ఇరవై పైచిలుకు మందే. 1949 నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలిసి, టపా సంచులు మార్చుకొని తెల్లవారేసరికి తిరిగి చేరేవి. స్త్రీ అన్న కారణంచేత ఇతర కంపెనీలు కాదన్న పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది ఈ దక్కన్ ఎయిర్‌వేసే. 1953 ఆగస్టు 1న ఇది మరి ఏడు కంపెనీలతోపాటు ప్రభుత్వ సంస్థలలో కలిసిపోయింది.

ఇవన్నీ తలచుకొని మురియదగినవే. అయితే ఆ కార్లలో, ఆ విమానాలలో కూర్చున్నవారెవరు? 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆ రాతి ఆనకట్టను వేలాదిమంది కూలీలు రాళ్లు మోసి కట్టారు. కరువుకు ఊళ్లు విడిచి దేశమంతటా ప్రాజెక్టుల పనికి వెళ్లిన మనవారికి ‘పాలమూరు లేబరు’ అన్న పేరే స్థిరపడింది. పసిపిల్లలను ముసలివారికి అప్పగించి వెళ్లినవారు వీరు. డకోటాను క్రింద నుండి చూసినవారే గాని ఎక్కినవారు కారు. ‘ఆ రోజులే బాగుండెను’ అన్నప్పుడు వీరి రోజులు కూడ లెక్కలోనికి రావాలి గదా!

2008 మార్చి నుండి మన పాలమూరు దారిలోనే శంషాబాదు విమానాశ్రయం ఉన్నది. తట్టలు మోసినవారి మనుమలు కొందరు అక్కడినుండే విదేశాలకు వెళ్తున్నారు. తాత ఎంత దూరం నడిచి పనికి పోయాడో వారిలో ఎందరికి తెలుసు?

1955లో పదిహేనేళ్లవారికి నేడు 80 దాటింది. కనుక తల్లిదండ్రులారా, ఈ నెలలో ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత పిల్లలను తాత అవ్వల దగ్గర కూర్చుండబెట్టండి. ముందు ఆ పెద్ద కారు సంగతి అడగనివ్వండి. వారు సంతోషంగా చెబుతారు. తరువాత, ‘మరి నీవు దేనిలో పోయేదానివి అవ్వా?’ అని అడగమనండి. చెప్పినది ఒక నోటుబుక్కులో వ్రాయించండి.