పెంపుడు ప్రాణులు: తాబేటి డిప్ప మెత్తబడినచో

పటాన్‌చెరు పారిశ్రామికవాడ చెంత కాపురముండు సోదరి యొకరు ఇట్లు వ్రాసినారు: “మా పిల్లవాని తాబేటి డిప్ప వ్రేలితో నొక్కిన లొంగుచున్నది. అంచున తెల్లని మచ్చలు లేచి దుర్వాసన వచ్చుచున్నది. పసుపును నూనెయు రాచితిని, గుణము కానరాదు. మంజీరలో విడిచిపెట్టుదునా?”

అమ్మా, నూనె నేడే మానుడు. డిప్ప వట్టి పెంకు గాదు. వెన్నెముకయు ప్రక్కటెముకలును విస్తరించి కూడుటచే నేర్పడిన సజీవమగు నెముక యది. పైన మాత్రము మన గోళ్లవంటి పదార్థపు పలకలు కప్పియుండును. కావున మెత్తబడుట పసిబిడ్డల యెముకలు వంగు వ్యాధి వంటిదే.

కిటికీచెంత తొట్టి యుంచితిమని తృప్తిపడరాదు. డి విటమినును బుట్టించు కిరణములను అద్దము చాలవరకు అడ్డగించును. ప్రతిదినము ఉదయపు నీరెండలో, సగము నీడగల తొట్టిలో కొంతసేపు ఉంచుడు. కాకులున్నవి గనుక కనిపెట్టియుండుడు. అంగడి యెండురొయ్యలే యాహారమైనచో కాల్షియము చాలదు. మునగాకు పెట్టుడు, నీటిలో సముద్రఫేనపు ముక్క వేయుడు. పాలకూర వలదు, అందలి యామ్లము కాల్షియమును ఒంటబట్టనీయదు.

దుర్వాసనగల మచ్చలు వేఱు వ్యాధి, అది కుళ్లు. దీనికి పొడిదనమే మొదటి మందు. దినములో చాలభాగము పొడిగుడ్డపై వెచ్చగా నుంచి, తినుటకును త్రాగుటకును ఒక గంట నీట విడువుడు. పోవిడోన్ అయోడిన్‌ను పలుచని తేనీటి వన్నె వచ్చువఱకు నీటితో కలిపి, మెత్తని బ్రష్షుతో నద్ది, పిదప కడిగి యారనిండు. గీకకుడు. నెత్తురు చిమ్మినను, తిండి మానినను జాగు చేయక పశువైద్యునికి చూపుడు. రాజేంద్రనగరమున పశువైద్య కళాశాల కలదు. యాంటీబయాటిక్ బిళ్లలు మీరే నూరి పోయకుడు. ఆ మందులు మితిమీరుట మీ యూరికి క్రొత్త గాదు: అచ్చటి ఉమ్మడి శుద్ధికేంద్రము విడుచు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇక మంజీర మాట. కంటివెనుక ఎఱ్ఱచారగల తాబేలు అమెరికా జాతి. అది మన తాబేళ్ల తిండిని, ఎండకాగు తావులను ఆక్రమించును, తన రోగమును వానికంటించును. విడువరాదు. నక్షత్రపు గుర్తులుగల తాబేలైనచో 1972 నాటి వన్యప్రాణి చట్టము ననుసరించి ఇంట నుంచుటయే నేరము. అటవీశాఖ వారి కప్పగింపుడు.

తాబేటిని ముట్టిన పిదప పిల్లవాడు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను, సాల్మొనెల్లా క్రిములు దానియందుండవచ్చును. తొట్టినీరు వంటింటి తూములో పోయకుడు. డిప్ప పూడుటకు నెలలు పట్టును. వారమునకొకసారి తూచి బరువు వ్రాసియుంచుడు, వైద్యునికి ఆ చీటి పనికివచ్చును.