ఎదురు నడక

గుడిలో ప్రదక్షిణం ఎటునుంచి ఎటు చేయాలో మనకెవరూ పాఠం చెప్పరు. అమ్మ కొంగు పట్టుకుని తిరగడంతోనే వచ్చేస్తుంది. పరధ్యానంగా ఎడమవైపు అడుగేశామో, వెనకనుంచి ఏ పెద్దావిడో "అటు కాదమ్మా, అపచారం" అని భుజం పట్టి తిప్పేస్తుంది. శివాలయంలో సోమసూత్రం దాటకుండా వెనక్కి మళ్లడం ఒక్కటే మనలో చాలామందికి తెలిసిన మినహాయింపు. అప్రదక్షిణం అన్నమాట అపరకర్మల దగ్గర తప్ప మనం వినం.

అందుకే జపాన్‌లోని షికోకు దీవి యాత్ర గురించి చదివినప్పుడు నాకు భలే ఆశ్చర్యమేసింది. కోబో దైషి (774-835) అనే బౌద్ధ గురువు పేరుమీద అక్కడ 88 గుళ్లున్నాయి. దీవి చుట్టూ దాదాపు 1,200 కిలోమీటర్లు. నడిస్తే ఆరేడు వారాలు. తెల్లబట్టలు, గడ్డి టోపీ, చేతికర్ర. ఆ కర్రే గురువు. అందుకని ఒంటరిగా వెళ్లినా 'ఇద్దరం నడుస్తున్నాం' అనుకుంటారు. మనలాగే వాళ్లూ కుడివైపే తిరుగుతారు, ఒకటో నంబరు గుడి నుంచి 88 దాకా. అయితే 88 నుంచి ఒకటికి రావడమూ అక్కడ ఆచారమే! పైగా లీపు సంవత్సరంలో అలా తిరిగితే మూడింతలు పుణ్యమట. ఆ ఏడు బస్సు యాత్రలు కూడా ఎదురు దిక్కునే నడుపుతారు.

దీని వెనక ఓ కథ ఉంది. ఎమోన్ సబురో అనే ధనవంతుడు, గుమ్మంలోకి బిచ్చానికొచ్చిన సన్యాసిని ప్రతిసారీ తరిమేసేవాడు. ఎనిమిదోసారి చీపురెత్తి కొడితే భిక్షాపాత్ర ఎనిమిది ముక్కలైంది. ఆ తర్వాత అతని ఎనిమిది మంది పిల్లలూ ఒకరి వెనక ఒకరు పోయారు. వచ్చినవాడు కోబో దైషి అని గ్రహించి, ఉన్నదంతా వదిలేసి, క్షమించమని అడగడానికి వెంటపడ్డాడు. ఇరవైసార్లు దీవి చుట్టాడు. గురువు చిక్కలేదు. ఇరవయ్యొకటోసారి ఎదురు దిక్కున బయల్దేరి, పన్నెండో గుడి షోసాన్‌జి కొండ దగ్గర కుప్పకూలాడు. అప్పుడొచ్చాడు గురువు.

ఇంత కథ విన్నాక మూడింతల లెక్కేమిటండీ? లక్షవత్తుల నోము నేనూ పట్టాను, లెక్క తప్పిందని మళ్లీ మొదలెట్టాను కూడా. కాబట్టి పుణ్యం లెక్కలు వేసేవాళ్లను ఎగతాళి చెయ్యను. కానీ సబురో తిరిగింది పుణ్యానికి కాదు, తప్పు ఒప్పుకోవడానికి. ఒక మనిషి వెనకాలే ఎంత పరిగెత్తినా వీపే కదా కనిపించేది. అలిగినవాళ్ల వెంట ఇల్లంతా తిరిగి బతిమాలినవాళ్లకు ఈ సంగతి తెలుసు.

ఎదురు నడక కష్టమే. దారి చూపే రాళ్లు, బాణం గుర్తులు ఎక్కువగా కుడివైపు తిరిగేవాళ్లకోసం పెట్టినవి. ఎదురొచ్చేవాళ్లు మలుపు మలుపుకీ ఆగి వెనక్కి చూసుకోవాలి. కాకపోతే దారిలో వచ్చే యాత్రికుల మొహాలు కనిపిస్తాయి.

నన్ను గుచ్చింది మాత్రం సబురో భార్య. చీపురెత్తింది ఆయన, పిల్లలు పోయింది ఇద్దరికీ. ఆయనకు పశ్చాత్తాపం, యాత్ర, దర్శనం అన్నీ దక్కాయి. ఆవిడ సంగతి నేను చదివినంతలో ఒక్క వాక్యం. ఆమెను విడిచి వెళ్లాడు, అంతే. మత్సుయామా దగ్గర ఎనిమిది మట్టిదిబ్బలు చూపించి అవే ఆ పిల్లల సమాధులంటారు. ఆయన దీవి చుట్టూ తిరుగుతుంటే వాటి దగ్గర కూచున్నదెవరు?

ఈ దారిలో ఆడవాళ్లు నడవలేదా అంటే, నడిచారు. 1918లో తకమురె ఇత్సుయె అనే 24 ఏళ్ల అమ్మాయి కుమామోతో నుంచి బయల్దేరింది. తోడు డెబ్బై దాటిన ఒక పెద్దాయన. పడవ దిగిన చోటికి దగ్గరున్న 43వ గుడి నుంచి మొదలెట్టి, ఎదురు దిక్కునే తిరిగింది. లీపు సంవత్సరమేం కాదది! దారి పొడుగునా రాసి పంపితే సొంతూరి పత్రిక నూరు భాగాలకు పైగా అచ్చేసింది. పెళ్లికాని పిల్ల అలా ఊళ్లు పట్టి తిరగడం ఆ రోజుల్లో ఎంత వింతో ఊహించుకోండి. తర్వాత ఆమె స్త్రీల చరిత్ర రాసింది. పూర్వం జపాన్‌లో పెళ్లయ్యాక మగవాడే భార్య ఇంటికి వెళ్లేవాడని, అంటే మన ఇల్లరికంలాంటిదే అక్కడి మామూలని, వేల కాగితాలు తిరగేసి చెప్పింది. రోజుకు పదేసి గంటలు ఆమె చదువుకుంటే, వంటా ఇల్లూ భర్త చూసుకున్నాడు.

ఇదంతా మావారికి చదివి వినిపించాను. "ఎన్నాళ్లంటావ్ ఆ యాత్ర?" అన్నారు.

"ఆరేడు వారాలు."

"మరి ఇల్లో?"

మళ్లీ లీపు సంవత్సరం 2028లో. కాఫీ కలపడం నేర్చుకోవడానికి బోలెడు టైముందని చెప్పాను.